కొక్కెం రాయికి చౌడు పూత

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో నేను బాగుపడిన ఘట్టం ఒక్కటీ లేదు. కోదాడలో ఒక పెద్దమనిషి వాకిట్లో, పట్టపగలు, ఒక పొట్టేలు నా పరువును నాకి నాకి అవతల పారేసిన వైనం ఇది. పొట్టేలేమిటి, పరువు నాకడమేమిటి అని మీరు ఇప్పుడే నవ్వకండి. కాస్త ఆగితే నవ్వడానికి ఇంతకన్నా మంచి చోట్లున్నాయి, అక్కడ నేనే ఆగి మీకు వీలు కల్పిస్తాను.

మాది గొర్రెలు కాసుకునే ఇల్లు. మా వంశంలో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేను. గొడవలు సద్దుమణిగి, బస్సులు మళ్ళీ తిరగడం మొదలైన ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్ళు, సూర్యాపేటలో చిన్నపిల్లల బడికి పంతుల్ని. తలకు రుమాలు చుట్టడం మానేసి క్రాపు పెంచాను. జేబులో ఫౌంటెన్ పెన్ను ఉండేది. అందులో సిరా ఉండేది కాదు, అది వేరే సంగతి.

కోదాడలో బంధువుల ఇంట్లో ఉండి చదువుకునేటప్పుడు ఆ పక్కింట్లో ఓవర్సీరుగారు ఉండేవారు. కోస్తావైపు మనిషి. వయసులో ఉండగా తిరుచినాపల్లి దగ్గర సున్నపురాయి నేలల్లో రోడ్లు వేయించి, చివరికి కోదాడలో స్థిరపడ్డారు. భార్య పోయింది, కూతురు బందరులో కాపురం ఉంటోంది. ఆయన రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చొని ఏవో రాళ్ళు తుడుచుకుంటూ ఉండేవారు. ఒకనాడు నన్ను పిలిచి చేతిలో ఒక రాయి పెట్టారు.

"ఇదేమిటో చెప్పు చూద్దాం."

"పొట్టేలు కొమ్ము సారూ. ఎవలో రాయితోని చెక్కిన్రు."

ఆయన మురిసిపోయారు. "ఎవరూ చెక్కలేదోయ్. ఒకప్పుడు సముద్రంలో బతికిన ప్రాణి ఇది. చచ్చి, మట్టిలో కూరుకుపోయి, రాయైపోయింది. అమ్మోనైటు అంటారు. నువ్వన్నావే పొట్టేలు కొమ్ము, ఆ పేరు పెట్టిన దొరలకూ అదే తోచింది. పొట్టేలు కొమ్ములున్న పాతకాలపు దేవుడొకడున్నాడు, ఆయన పేరు పెట్టారు."

అంతే, పిచ్చి పట్టుకుంది. వెళ్ళినప్పుడల్లా ఆయన ఒక పళ్ళెంలో రాళ్ళు పోసి, "ఒకటి ఏరుకో" అనేవారు. నేను గుండ్రంగా, నున్నగా, ఎక్కడా పెచ్చు లేవనిది చూసి ఏరుకునేవాణ్ణి. అలా పదకొండు పోగేశాను. సూర్యాపేటలో మా ఇంటి గూట్లో వరసగా పెడితే మా అమ్మ అవి సాలగ్రామాలనుకొని అన్నిటికీ కుంకుమ పెట్టింది. ఒక పెద్దదాన్ని మాత్రం పచ్చడి కుండ మూత మీద బరువుగా వాడింది. భక్తి వేరు, పచ్చడి వేరు.

అక్కడితో ఆగితే నేను సుఖంగా ఉండేవాణ్ణి. కానీ మనకున్న గొప్ప నలుగురూ చూడాలి కదా! మా మేనమామ కొడుకు సైదులును ఒకసారి వెంటబెట్టుకొని ఓవర్సీరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. వాడు నాకన్నా రెండేళ్ళు చిన్న, మిర్యాలగూడ దగ్గర మాడుగులపల్లిలో గొర్రెలు కాసుకుంటాడు, అక్షరం ముక్క రాదు. నేను ఓవర్సీరుగారితో పెద్ద పెద్ద మాటలు మాట్లాడుతుంటే వాడు నోరు తెరుచుకొని చూడాలని నా ఆశ.

ఓవర్సీరుగారు పళ్ళెం ముందు పెట్టి, "నువ్వూ ఒకటి ఏరుకోవోయ్" అన్నారు. వాడు గుండ్రనివన్నీ పక్కకు జరిపాడు. అడుగున ఒకటి, చుట్టకు చుట్ట అంటుకోకుండా, విప్పి వదిలేసిన పలుపుతాడులా ఉంది. దాన్ని తీశాడు.

"గిదేంది సారూ, గిట్ల చెదిరింది? అన్నీ దగ్గరికి ముడుచుకుంటే ఇదొక్కటి ఎందుకు ఇడిపోయింది?"

ఓవర్సీరుగారు నా వైపు తిరిగి, "లింగయ్యా, మూడేళ్ళలో నువ్వొక్కసారైనా ఈ ప్రశ్న అడిగావుటోయ్?" అన్నారు. తర్వాత వాడి భుజం తట్టి, "గుండ్రనివి ఎక్కడైనా దొరుకుతాయి. దారి తప్పినవే దొరకవు. వీడికి కన్నుంది" అన్నారు.

వీడికి కన్నుంది! అంటే నాకున్నవి ఏమిటి, గోలీలా? ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. గూట్లో ఉన్న నా పదకొండు రాళ్ళు చూస్తే ఒకే తల్లి కన్న పదకొండు మంది మందబుద్ధి పిల్లల్లా కనిపించాయి. సైదులు మీద కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. ఉన్నమాట చెబుతున్నాను, ఇన్నేళ్ళ తర్వాత దాచుకోవడం దేనికి?

ఆ తర్వాత వాడు మంద తోలుకొని కోదాడ వైపు వచ్చినప్పుడల్లా ఓవర్సీరుగారిని చూసిపోయేవాడు. ఒకసారి బొంగరంలా పైకి మెలికలు తిరిగినది ఏరుకున్నాడు. ఇంకోసారి సగం చుట్టుకొని, మిగతా సగం బద్ధకించి నిటారుగా పోయినది ఏరుకున్నాడు. మొత్తం నాలుగే నాలుగు. ఒకదానికీ ఇంకోదానికీ పోలిక లేదు. వాటిని మూట కట్టుకొని మిర్యాలగూడలో బస్సులాగే చోట చాయ్ హోటల్లో కూర్చుంటే జనం మూగేవారట. ఏదో పెళ్ళిపని మీద నేను అక్కడికి పోతే హోటలతను చాయ్ ఇస్తూ ఆరా తీశాడు.

"నువ్వు రాళ్ల సైదులు బావవట గదా?"

"నేను సూర్యాపేట బడి పంతుల్ని."

"అదే, రాళ్ల సైదులు బావవే గదా అంటున్న."

"ఆ రాళ్ల ముచ్చట వానికి నేర్పిందే నేను!"

"గట్లనా? మరి ఆయన తాన ఉన్నసువంటియి నీ తాన ఉన్నయా?"

చాయ్ సగం వదిలేసి లేచిపోయాను. అది అల్లం చాయ్, చాలా బాగుంది కూడా. ఆ మిగిలిన సగం చాయ్ తాలూకు కోపం కూడా సైదులు ఖాతాలోనే వేశాను.

ఇలా ఉండగా ఆ ఎండాకాలం ఓవర్సీరుగారి నుంచి కార్డు వచ్చింది. కళ్ళకు శుక్లాలు ముదిరాయట, మనుషులు నీడల్లా కనిపిస్తున్నారట, కూతురు వచ్చి బందరు తీసుకెళుతోందట. "నా పెద్ద పెట్టెలోని రాళ్ళు మీ ఇద్దరికీ ఇచ్చి వెళదామని ఉంది. ఆదివారం పొద్దున ఇద్దరూ రండి" అని పక్కింటివాళ్ళ చేత రాయించారు.

పెద్ద పెట్టె! నాకు తెలిసినంతకాలం ఆయన దాన్ని ఎవరి ముందూ తెరవలేదు. ఇద్దర్నీ ఆదివారం రమ్మన్నారు కాబట్టి నేను శనివారమే బయల్దేరాను. బొగ్గుతో నడిచే బస్సు ప్రతి ఎత్తుకూ ఆగి ఆయాసపడుతుంటే, దిగి తోసినవాళ్ళలో నేనే ముందున్నాను.

"ఏమోయ్, ఒకరోజు ముందే దిగావే!" అన్నారు ఓవర్సీరుగారు, గొంతు గుర్తుపట్టి.

"మీకు చేతిసాయం ఉంటదని వచ్చిన సారూ."

"మంచివాడివి. ఆ పెట్టె పెరట్లోకి తీసుకెళ్ళి రాళ్ళన్నీ కడిగి ఆరబెట్టు. ఏళ్ళ తరబడి తెరవలేదు. ఏమున్నాయో నాకే సరిగా గుర్తులేదు."

పెరట్లో బావి గట్టు మీద పెట్టె తెరిచాను. ఇరవై రాళ్ళు. పది దివ్యంగా ఉన్నాయి, పైన ఆకు ఈనెల్లాంటి గీతలు చెక్కుచెదరకుండా. తొమ్మిది విరిగినవి, ముక్కలు, అరిగిపోయినవి. అట్టడుగున పాత పంచె ముక్కలో చుట్టి ఇంకొకటి ఉంది.

విప్పాను. జానెడు పొడుగు. తిన్నగా వచ్చి, చివరికొచ్చేసరికి కొక్కెంలా వంగింది. దాని ఒంటినిండా సన్నటి కణుపులు. మా తాత చేతికర్ర పైభాగం ఎవరో విరిచి రాయి చేసినట్టుంది. నేను బావి గట్టు మీద కూలబడ్డాను. ఇది నా గూట్లో ఉంటే మిర్యాలగూడ హోటలతను సూర్యాపేట దాకా నడిచొచ్చి, చాయ్ నోటికందించి పోతాడు!

కానీ రేపు సైదులు వస్తాడు. వాడి కన్ను మొదట పడేది దీనిమీదే.

జేబులో వేసుకుంటే సరిపోయేది కదా అని మీరనొచ్చు. ఛీ ఛీ, నేను దొంగను కాను. కుళ్ళుబోతును మాత్రమే. ఈ రెండింటికీ తేడా నాకు బాగా తెలుసు, అప్పుడూ తెలుసు. నాకు ఆ రాయి న్యాయంగా, నలుగురి ముందు, సైదులు స్వయంగా వదిలేయగా దక్కాలి. అప్పుడు తోచింది మా ఇళ్ళలో మంద పంచుకునే పద్ధతి.

అన్నదమ్ములు వేరుపడేటప్పుడు పెద్దవాడు మందను రెండు భాగాలు చేస్తాడు. చిన్నవాడు తనకు నచ్చిన భాగం ముందు ఏరుకుంటాడు. మిగిలింది పెద్దవాడిది. ఏరుకున్నాక మాట మార్చడానికి లేదు. ఇందులో అన్యాయం ఎక్కడుందంటారా? కొందరు పెద్దవాళ్ళు పంపకం ముందురోజు ఏటా పిల్లలు పెట్టే మంచి ఈత గొర్రెకు బురద పూసి, రోగిష్టిదానిలా తయారుచేసి, బక్క గొర్రెల్లో కలిపేసేవారు. మా పెద్దతాత అలాగే నాలుగు గొర్రెలు కొట్టేశాడని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. రక్తం ఊరికే పోతుందా?

చుట్టూ చూశాను. బట్టలుతికే బండ పక్కన చౌడుమన్ను కుప్ప ఉంది. కంట్రోలు రోజులు, సబ్బు దొరకడం గగనం. చాకలివాళ్ళు ఆ చౌడుతోనే బట్టలు ఉడకబెట్టేవారు. దోసెడు తీసి నీళ్ళతో కలిపితే చక్కగా బంకలా అయింది. కొక్కెం రాయికి పూశాను. వంపు కనబడకుండా లోపల నింపి, పైన ఇంకొక పూత పూసి, చిలగడదుంప ఆకారానికి తెచ్చాను. చేతులు పంచె అంచుకు తుడుచుకున్నాను. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

మే నెల ఎండకు అది సాయంత్రానికి గట్టిపడింది. తీసి విరిగిన ముక్కల్లో పెట్టాను. నాకే అది ఎందుకూ కొరగాని మట్టిబెడ్డలా కనిపించింది. నా చేతిపనికి నేనే ముచ్చటపడ్డాను.

తెల్లారి సైదులు వచ్చాడు. ఒక్కడే కాదు, మందతో సహా. వారం నుంచి అనంతగిరి పొలాల్లో మంద పెట్టారట. గొర్రెల ఎరువు కోసం రైతులు పిలిచి మరీ పెట్టించుకునేవారు. ఇంటిదారి పట్టి, మందను రోడ్డు అవతల బీట్లో ఆపి, మా మేనమామను కాపలా పెట్టి వాడు లోపలికి వచ్చాడు.

"బావా! నిన్ననే వచ్చినవా? కబురు చేస్తే నేను గూడ నిన్ననే వద్దును గద!"

"సారుకు చేతిసాయం ఉంటదని వచ్చిన."

"మంచిపని చేసినవ్." వాడు చంకలోంచి కొత్త గొంగడి తీసి ఓవర్సీరుగారి ఒళ్ళో పెట్టాడు. "సారూ, మా అమ్మ వడికిన బొచ్చుతోని నేయించినం. సలికాలం కప్పుకోండ్రి."

ఆయన దాన్ని చెంపకు ఆనించుకున్నారు. నేను వట్టి చేతులతో వచ్చినవాణ్ణి, వాకిట్లో కాకి వైపు చూస్తూ నిలబడ్డాను. గొంగడి తేవాలని నాకెందుకు తట్టలేదు? వాడికే ఎందుకు తడతాయి ఇవన్నీ?

"మరి ఎలా పంచుకుంటారోయ్? నాకా కనిపించదు" అన్నారు ఓవర్సీరుగారు.

"మా గొర్లోల్ల పద్ధతి ఒకటున్నది సారూ" అని నేను అందుకున్నాను. "పెద్దోడు పంచాలె, చిన్నోడు ఏరుకోవాలె. ఏరుకున్నంక మాట తిరగొద్దు. నేను పంచుత, సైదులు ఏరుకుంటడు."

"భేష్! కోర్టులో కూడా ఇంత న్యాయం ఉండదు" అన్నారాయన.

అరుగు మీద చాప పరిచి రెండు కుప్పలు పెట్టాను. ఇటువైపు పది మేలిరాళ్ళు మిలమిలా మెరుస్తూ. అటువైపు తొమ్మిది ముక్కలు, ఒక మట్టిబెడ్డ. గుడ్డివాడైనా ఇటువైపే చెయ్యి చాపుతాడు. ఆ తర్వాత నేను ఒక నిట్టూర్పు విడిచి, "పోనీలే, నాకు ఈ ముక్కలు చాలు" అంటాను. ఆ నిట్టూర్పు రాత్రి నాలుగుసార్లు అభ్యాసం చేశాను.

అంతలో ఓవర్సీరుగారు, "ఉండండి. లింగయ్యా, నిన్న రాత్రి గుర్తొచ్చింది. పెట్టె అడుగున పాత పంచె ముక్కలో చుట్టి ఒకటి ఉంచాను. జానెడుంటుంది, చివర కొక్కెంలా వంగుతుంది. అది ఏ కుప్పలో పెట్టావు?" అన్నారు.

నేను చాప అంచు సరిచేశాను.

"పంచె ముక్క దొరికింది సారూ."

"రాయో?"

"పంచె ముక్కల రాయి లేదు సారూ."

చూశారా, అబద్ధమాడలేదు. ఆ క్షణానికి పంచె ముక్కలో రాయి లేదు.

ఆయన ముఖం వాడిపోయింది. "లేదా... ఇల్లు మారినప్పుడు పోయిందేమో. నేను మొదట ఏరుకున్నది అదేనోయ్. నీ వయసప్పుడు. వెళ్ళేముందు ఒక్కసారి వేళ్ళతో తడిమి చూద్దామనుకున్నాను. పోనీలే."

గుండె ఒకసారి కలుక్కుమంది. కాదనను. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది కూడా. అదే క్షణంలో సైదులు ఆయన చెయ్యి పట్టుకొని, "నేను ఎతుకుత సారూ, యాడున్నా దొరకవడ్త" అన్నాడు. ఓదార్పు కూడా వాడే ముందు చెప్పేశాడు! నా నోరు మళ్ళీ మూతపడింది.

సైదులు చాప ముందు గొంతుక్కూర్చున్నాడు. మేలిరాళ్ళు ఒక్కొక్కటే ఎత్తి చూసి దించాడు. తర్వాత ముక్కల కుప్ప. మట్టిబెడ్డను ఎత్తి, అరచేతిలో బరువు చూశాడు.

"బావా" అన్నాడు. "నువ్వు నా కోసం మంచియన్ని ఓ దిక్కువెట్టినవ్. నాకు సమజైంది."

"ఆఁ, తీసుకో మరి."

"ఎట్ల తీసుకుంట? గుండ్రటి రాళ్లంటే నీకు పానం. చిన్నప్పటిసంది సూస్తలేనా? నాకు ఈ ముక్కలు చాలు."

నా నిట్టూర్పు, నా మాట, అక్షరం పొల్లుపోకుండా వాడే వాడేశాడు! నేను కంగారుపడిపోయాను.

"వద్దు సైదులూ, మంచియి నువ్వే తీసుకో!"

"వద్దు బావా."

"తీసుకో అంటున్న గద!"

"పెద్దోనివి, నీకే ఉండాలె."

"నీకేమన్న పిచ్చి లేసిందా? గవి ఇరిగినయి! గది వట్టి మట్టిబెడ్డ!"

"ఉండనీ. ఎవలో ఒకలు తీసుకోవాలె గద. నేను ఏరుకున్న. అయిపోయింది. మాట తిరగొద్దని నువ్వే అన్నవ్."

ఓవర్సీరుగారు కళ్ళు తుడుచుకుంటున్నారు. "నాకు మంచిది వద్దంటే నాకు వద్దని కొట్టుకునే బావామరదుల్ని ఈ జన్మలో చూస్తాననుకోలేదోయ్! నా రాళ్ళు ధన్యమయ్యాయి."

నేను తవ్విన గోతిలో నేనే నిలబడి, పైనుంచి నా మీద పూలు చల్లుతుంటే నమస్కారం పెడుతున్నాను. వాడు అత్యాశకు పోతాడని లెక్క వేశాను. వాడు ఆశే పడకపోతే ఏం చెయ్యాలో మా పెద్దతాత కూడా చెప్పి పోలేదు.

సరే, ఇంకా దారి ఉందనుకున్నాను. భోజనం చేశాక వాడి మూట నేను మోస్తానని అడిగి, దారిలో ఆ మట్టిబెడ్డను "బరువెందుకు" అని పక్కన పడేసి, వెనక్కి తిరిగొచ్చి తీసుకోవాలి. పథకం సిద్ధం. ఓవర్సీరుగారు విస్తళ్ళు వేయించారు. రాళ్ళు అరుగు మీదే ఉంచి లోపల కూర్చున్నాం. ముద్దపప్పు, మామిడికాయ పచ్చడి. పథకం కుదిరిన సంతోషంలో నేను మూడుసార్లు వడ్డించుకున్నాను. ఆ మూడో వడ్డనే నా కొంప ముంచింది.

బయట బీట్లో మా మేనమామ చెట్టు నీడన కునుకు తీశాడు. మంద మెల్లగా రోడ్డు దాటింది.

మీరు గొర్రెలు కాసినవాళ్ళయితే ఈపాటికి తల పట్టుకొని ఉంటారు. కాయనివాళ్ళ కోసం చెబుతున్నాను. గొర్రెకు ఉప్పంటే ప్రాణం. ఉప్పు పేరిన చౌడునేల కనబడితే మంద మంద అక్కడే ఆగిపోయి నేల నాకుతుంది, కర్ర విరిగేలా కొట్టినా కదలదు. ఇది మా ఇంట్లో నడక నేర్చిన పిల్లలకు కూడా తెలుసు. లోకంలో ఇన్ని మట్లు ఉండగా, ఎర్రమట్టి ఉండగా, నల్లరేగడి ఉండగా, గొర్రెలు కాసేవాడి కడుపున పుట్టిన నేను, చదువుకున్న నేను, పంతుల్ని అయిన నేను, పూసి పూసి చౌడు పూశాను.

"బయట ఏదో చప్పుడవుతోందే" అన్నారు ఓవర్సీరుగారు.

చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తాం. అరుగు చుట్టూ గొర్రెలు ఒకదాని మీద ఒకటి ఎక్కి తొక్కుకుంటున్నాయి. నడిమధ్యన సైదులు ముద్దుల బొల్లి పొట్టేలు, రెండు ముందుకాళ్ళూ అరుగు మీద పెట్టి, కళ్ళు అరమోడ్చి, నా చిలగడదుంపను నాకుతోంది. దాని పక్కన ఇంకో అరడజను నాలుకలు. మట్టి అప్పటికే జారిపోయింది. కొక్కెం తళతళా మెరుస్తోంది. బావి దగ్గర నేను కడిగినదానికన్నా శుభ్రంగా ఉందని ఒప్పుకోక తప్పదు.

సైదులు మందను అదిలించి, రాయిని ఎత్తి, రెప్ప వాల్చకుండా చూశాడు. తర్వాత తీసుకెళ్ళి గడప దగ్గర నిలబడ్డ ఓవర్సీరుగారి చేతిలో పెట్టాడు.

ఆయన వేళ్ళు తిన్నగా ఉన్నంతమేరా నడిచాయి. వంపు దగ్గరికి వచ్చి ఆగాయి.

"ఇదే" అన్నారు. "ఇదేనోయ్! తడిగా ఉందేమిటి?"

"పొట్టేలు నాకింది సారూ. దీనికి మన్ను పట్టుంటే మన్నంతా నాకింది."

"మన్నా? పెట్టెలో పెట్టినప్పుడు శుభ్రంగా తుడిచి పెట్టాను. మన్ను ఎక్కడిది?" వంపు సందులో మిగిలిన మట్టిని గోటితో గీరి, నాలుక చివర పెట్టుకున్నారు. "ఉప్పగా ఉందే!"

"సౌడు సారూ" అన్నాడు సైదులు. "సాకలోల్లు వాడే సౌడు. గిది దీంట్లకు ఎట్లచ్చింది?"

నేను ఆకాశం వైపు చూశాను. మేఘం ఒక్కటీ లేదు. అప్పుడు బొల్లి పొట్టేలు, అరుగు మీద ఇక నాకడానికి ఏమీ లేదని తేల్చుకొని, వాసన పట్టుకుంటూ తిన్నగా నా దగ్గరికి వచ్చింది. వచ్చి నా పంచె అంచు నోట కరుచుకుంది. నిన్న చేతులు తుడుచుకున్న అంచు. గుర్తుంచుకోమన్నాను కదా!

నేను లాగాను. అది లాగింది. "హే! హే!" అన్నాను. మిగతా గొర్రెలకూ సంగతి తెలిసిపోయింది. నేను అరుగు చుట్టూ పరిగెత్తితే నా వెనక నలభై గొర్రెలు. ఇక్కడ ఆగుతాను, నవ్వుకోండి.

సైదులు వాటిని తోలేసి నా దగ్గరికి వచ్చాడు. నా పంచె చూశాడు, పంచె మీద తెల్లటి చౌడు చారలు చూశాడు, నా గోళ్ళు చూశాడు. గొర్రెలు కాసేవాడికి బురద పూసే విద్య గురించి వేరే చెప్పనక్కర్లేదు. తిడతాడని, కొట్టినా కొడతాడని కళ్ళు మూసుకున్నాను.

"బావా!" అన్నాడు. "అన్నిట్లకెల్ల మంచిది నాకే రావాలెనని, సారు ముంగట నేను మొగమాటపడి వద్దంటనని, గిట్ల దాచి పెట్టినవా? నేను ముక్కలే తీసుకుంటనని నీకు ముందే ఎరుకా?"

నేను కళ్ళు తెరిచాను. వాడు నిజంగానే అంటున్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. తిట్టు తట్టుకోవచ్చు, దెబ్బ తట్టుకోవచ్చు. దీన్ని తట్టుకోవడం ఎలా?

"ఆఁ... గంతే" అన్నాను.

గడప దగ్గరినుంచి ఓవర్సీరుగారు దగ్గారు. మామూలు దగ్గు కాదు.

సైదులు ఆ రాయి ఆయన్నే బందరు తీసుకుపొమ్మని బతిమాలాడు. ఆయన ఒప్పుకోలేదు. ఇంకొకసారి మెల్లగా తడిమి, "నా వేళ్ళు చూసేశాయి, చాలు. ఇది నీ వాటా" అని వాడి చేతిలో పెట్టారు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచారు.

"లింగయ్యా, పంచె ముక్క దొరికిందన్నావు కదూ?"

"దొరికింది సారూ."

"అందులో రాయి లేదన్నావు."

నేను పంచె అంచు వెనక్కి మడుచుకున్నాను.

"నువ్వు అబద్ధం ఆడేవాడివి కాదు. అందుకని నీకు అదే ఇస్తున్నాను." పాత పంచె ముక్కను నాలుగు మడతలు పెట్టి నా జేబులో, సిరా లేని పెన్ను పక్కన, దోపారు. "జాగ్రత్తగా దాచుకో. ఇలాంటిది సైదులు దగ్గర కూడా లేదు."

సైదులు అప్పటినుంచి చచ్చేదాకా మిర్యాలగూడ హోటల్లో కూర్చొని కొక్కెం రాయి చూపించినప్పుడల్లా, "మా బావ సౌడులో దాచి మరీ నాకిచ్చిండు, గసువంటి మనిషి దొరకడు" అని చెప్పేవాడు. ఆ హోటలతను నేను ఎప్పుడు పోయినా నిండా చాయ్ పోసి, పైసలు తీసుకోనని మొండికేసేవాడు. ఆ చాయ్ ఒక్కసారీ నాకు సాఫీగా గొంతు దిగలేదు.

పంచె ముక్క ఇప్పటికీ నా గూట్లో ఉంది, పదకొండు ప్లస్ పది, ఇరవై ఒక్క గుండ్రటి రాళ్ళ నడుమ. ఆనాడు కోదాడ నుంచి తిరిగొచ్చే బస్సులో దాన్ని కుడిచేత్తో పట్టుకొని, తూర్పు ముఖంగా తిరిగి ప్రతిజ్ఞ చేశాను. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, మీరే మొదటివాళ్ళు. ఒంట్లో ప్రాణం ఉండగా, ఎంత అపురూపమైన రాయైనా, ఎంతటి బామ్మర్ది ఎదురుగా ఉన్నా, ఇక మీదట దేనికీ చౌడు పూయను. తప్పనిసరై పూయాల్సి వస్తే, ముందు ఆ మన్ను నాలుక మీద పెట్టుకొని ఉప్పుందో లేదో చూసుకున్నాకే పూస్తాను.